మళ్ళీ చెడగొట్టమన్న మస్తానయ్యగారు

"బాగైపోయిందని ఎప్పుడు అనుకోవచ్చు మాస్టారూ?" అని నేను మస్తానయ్యగారిని అడిగాను. అడిగింది సందేహం ఉండి కాదు. ఇంక అనుకోవచ్చులే అంటారని.

కావలిలో నలభై ఏళ్ళుగా రేడియోలూ మిక్సీలూ బాగుచేస్తున్న మనిషి ఆయన. నేను ఆయన శిష్యుణ్ణని నాకు నేనే చెప్పుకుంటూ ఉంటాను. ఆయన ఇంతవరకూ కాదనలేదు. నిజానికి నా చదువంతా సెల్‌ఫోన్ వీడియోల్లోనే సాగింది. మధ్యలో వచ్చే ప్రకటన కూడా పాఠంలో భాగమనుకుని వంటనూనె గురించి రాసుకున్న రోజులున్నాయి.

మా అమ్మాయి ప్రణవి ఎనిమిది నెలలు కష్టపడి ఒక చిన్న డ్రోన్ కట్టుకుంది. కాలేజీ పోటీలో, నేనిది అడిగిన మర్నాడు పొద్దుగూకే వేళ, అది ఉప్పుటేరు దాటి అవతలి గట్టుదాకా పోయి తిరిగి రావాలి. మసకచీకట్లో అది ఏ వైపు తిరిగి ఉందో తెలియాలంటే ఎడమపక్క ఎర్రదీపం, కుడిపక్క పచ్చదీపం కనపడుతూ ఉండాలి. నడిమధ్యలో ఆరాయా, ఎనిమిది నెలల కష్టం ఏట్లో పడ్డట్టే. ఆ ఎల్‌ఈడీ దీపాలు అమర్చే పని నేను అడిగి మరీ తీసుకున్నాను. అవి తోచినప్పుడు వెలిగేవి, తోచనప్పుడు ఆరేవి. "నాన్నా, వీటికి నీ బుద్ధే వచ్చింది," అంది ప్రణవి.

మూడు రోజుల్లో స్విచ్చి మార్చాను, బ్యాటరీ మార్చాను, దీపాల పట్టీ మార్చాను. నాలుగో రోజు పొద్దున వెలిగినవి గంట దాటినా ఆరలేదు. ఆ సంబరంలో అమ్మాయినీ, డ్రోన్‌నూ, అరకిలో మైసూర్‌పాక్‌నూ వెంటబెట్టుకుని మాస్టారి కొట్టుకు వచ్చి, ఆ ప్రశ్న వేశాను.

మాస్టారు ఒక ముక్క తిని చేతులు తుడుచుకున్నారు. మార్చినవాటిలో చెడింది ఏదని అడిగారు. అన్నీ మార్చేశాక ఏదైతేనేమన్నాను.

"అట్లయితే మళ్ళీ చెడగొట్టు," అన్నారు.

పాతవన్నీ సంచిలోనే ఉన్నాయి. పాత స్విచ్చి పెట్టాను; దీపాలు వెలిగాయి. పాత బ్యాటరీ పెట్టాను, వెలిగాయి. పాత పట్టీ తగిలించాను. అదీ శుభ్రంగా వెలిగింది. అంటే మూడు రోజులుగా నేను ఏ జబ్బూ లేనివాటికి వైద్యం చేశానన్నమాట. అసలు జబ్బు ఇంకా లోపలే ఉంది, రేపు మాతోపాటు ఉప్పుటేటికి వస్తుంది. నా మొహంలోంచి ఊరట దిగిపోవడం అమ్మాయి చూసింది. మైసూర్‌పాక్ పొట్లం మూసేసింది. అది చూసి నాకు భయమేసింది.

మాస్టారు చేతులు తెగకుండా రెక్కలు ఊడదీయించి, మోటార్లు తిప్పమన్నారు. డ్రోన్‌ను రెండు చేతులా పట్టుకుని, గాలిలో ఎలా వాలుతుందో అలా వాల్చమన్నారు. ముందుకు వాల్చాను, వెలుగుతూనే ఉన్నాయి. కుడికీ అంతే. ఎడమకు వాల్చగానే రెండూ ఆరాయి. అప్పుడు నేను పెళ్ళి కుదిరినవాడిలా నవ్వానట. ప్రణవి ఇప్పటికీ చెబుతుంది.

అక్కణ్ణుంచి పది నిమిషాల పని. రెండు దీపాలకూ కలిపి పోయే నల్లతీగకు మొదటి రోజు నేను వేసిన టంకం పైకి బొద్దుగా మెరుస్తోంది గాని, లోపల తీగను పట్టుకోనే లేదు. పైగా అది కదలకుండా జిగురు పోసి కప్పెట్టాను. కొన్నవాటినల్లా అనుమానించాను, నా చేతిపనిని అనుమానించాలని మాత్రం తోచలేదు. ప్రణవి జిగురు గోకేసి టంకం మళ్ళీ వేసింది. నన్ను వెయ్యనివ్వలేదు. ఆ తర్వాత ఎటు వాల్చినా దీపాలు ఆరలేదు.

మర్నాడు సాయంత్రం ఎర్రచుక్క, పచ్చచుక్క ఏరు దాటుతుంటే నేను గట్టుమీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అవతలి ఒడ్డున డ్రోన్ ఎడమకే వాలి మలుపు తిరిగింది. రంగులు రెండూ చోటు మార్చుకున్నాయి, ఇంటిదారి పట్టిందన్నమాట. వచ్చి అమ్మాయి ముందు మెల్లగా దిగింది. 

మాతో వచ్చిన మాస్టారు ఆ సేపంతా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. మీకు భయం వెయ్యలేదా తాతా, అని ప్రణవి అడిగింది.

"అవి నిన్న ఆరినప్పుడే నా భయం పోయిందమ్మా," అన్నారాయన.