కొండమీది త్రాసు

ఒకానొక రాజ్యంలో రాజుగారిని వారం వారం నిండు కొలువులో తూచేవారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ జరిగిన సంగతే చెబుతున్నాను. ఆ రాజ్యం పేరు నెమలికొండ, రాజుగారి పేరు ఉద్దండవర్మ. బూరలు ఊదేవారు, భట్రాజులు బిరుదులు చదివేవారు, రాజుగారు గొలుసులకు వేలాడే పెద్ద తట్టలో మహా ఠీవిగా కూర్చునేవారు. రెండో తట్టలో బెల్లం దిమ్మలు పేర్చి ఉండేవి.

ఈ తతంగానికి ఒక కారణం ఉంది. కోట వెనక నెమలికొండ అనే కొండ ఉంది. దాని పేరే రాజ్యానికి వచ్చింది. ఏటా కార్తీక పున్నమికి ఆ కొండ కొమ్మున పెద్ద దీపం వెలిగించాలి. ఏలే రాజు కాలినడకన ఎక్కి, తన చేత్తో వెలిగించాలని పూర్వులు పెట్టిన ఆనవాయితీ. ఆ వెలుగు కంటబడ్డాకే కింద ఊళ్ళవాళ్ళు తమ గుమ్మాల్లో దీపాలు పెట్టుకునేవారు.

ఉద్దండవర్మగారు పట్టానికి వచ్చాక నడవడం మరిచిపోయారు. ఏటా ఏదో సాకు చెప్పి దీపానికి మంత్రినే పంపేవారు. అరిసెలు, నేతి గారెలు, పూర్ణాలు కూర్చున్న చోటికే వచ్చేవి. వంటవాడి చెయ్యి మంచిది, రాజుగారి ఆకలి అంతకన్నా మంచిది. పట్టాభిషేకం నాడు తొడిగిన బంగారు కడియం ముంజేతి కండలో కూరుకుపోయి, ఆముదం రాసి లాగినా రాలేదు. నిరుడు పున్నమికి మాత్రం తానే మందీ మార్బలంతో బయల్దేరి, మొదటి మండపం చేరేసరికే ఎగశ్వాస వచ్చి, మాట పెగలక అక్కడే చతికిలబడ్డారు. మంత్రి వెళ్ళి దీపం వెలిగించి వచ్చాడు. ఎవరో తుమ్మారనీ, శకునం బాగాలేక రాజుగారు ఆగిపోయారనీ మర్నాడు దండోరా వేయించారు. ఊళ్ళో పసిపిల్లలు కూడా నమ్మలేదు.

రాజుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆస్థాన వైద్యుడు ఔబళయ్యను పిలిపించి, వచ్చే పున్నమికి తాను కొండ ఎక్కి తీరాలన్నారు. ఔబళయ్య ముసలివాడు, మెత్తనివాడు, కానీ వైద్యం దగ్గర మొహమాటం ఎరగడు. అరిసెలు మాన్పించి జొన్న సంకటి పెట్టించాడు. నేతి గిన్నె తీయించి పలచని మజ్జిగ పోయించాడు. తెల్లవారకముందే లేపి కోటగోడ వెంట నడిపించాడు, గరిడీలో కర్రసాము చేయించాడు.

ఫలితం బ్రహ్మాండంగా కనబడింది. రాజుగారి తట్ట పైకి లేచినప్పుడల్లా రెండో తట్టలోంచి బెల్లం దిమ్మలు తీసేవారు. తీసిన బెల్లం ఊరికి పంచేవారు. రాజుగారి ఒళ్ళు తగ్గాలని ఊరంతా దేవుళ్ళకు మొక్కుకుంది. భక్తి కొంత, బెల్లం కొంత.

శ్రావణం దాటాక ఆ తట్ట ఆగిపోయింది. అదే సంకటి, అదే నడక, అదే చెమట. బెల్లం దిమ్మ మాత్రం ఒక్కటీ దిగలేదు. మొదటి వారం రాజుగారు త్రాసుకు తుప్పు పట్టిందన్నారు. మరుసటి వారం తూచేవాణ్ణి మార్చారు. ఆ పైన బెల్లం చెమ్మగిల్లిందన్నారు, బూరలవాడు అపశ్రుతి ఊదాడన్నారు. దట్టీ వదులుగా కడుతున్నాడని రోజూ పొద్దున్నే బట్టలు తొడిగేవాడి మీద విరుచుకుపడేవారు. నిందలన్నీ అయిపోయాక మిగిలింది ఔబళయ్యే.

ఆ ముసలాయన కూడా నలిగిపోతున్నాడు. తాళపత్రాలు తిరగేశాడు, కషాయం మార్చాడు. వారం వారం కదలని ఆ తట్టను చూసి చూసి, ఇన్నాళ్ళ తన విద్య ఇంతేనా అని తనకే అనుమానం వచ్చింది.

పున్నమి దగ్గరపడింది. ఆ వారం కూడా తట్ట ఉన్నచోటే ఉంది. రాజుగారు తట్టలోంచి దిగి, ఔబళయ్య ముందు నిలబడ్డారు.

"మా నోరు కట్టేశావు. కాళ్ళు అరగదీశావు. ఫలితం సున్న. రేపు పొద్దుగూకేలోగా మా పొలిమేర దాటిపో" అన్నారు.

ఆ తర్వాత వంటవాణ్ణి పిలిచి, రేపు మధ్యాహ్నానికి అరిసెలు వండమన్నారు. దీపం సంగతి మంత్రి చూసుకుంటాడన్నారు.

ఔబళయ్యకు ముందు తన తోట గుర్తొచ్చింది. ఇంటి వెనక పడుచుతనంలో తను కొండ మీదినుంచి తెచ్చి నాటిన మందుమొక్కల తోట ఉంది. ఒక్కో మొక్కకూ తన చేత్తోనే నీళ్ళు పోసి పెంచాడు. ఈ వయసులో వాటిని వదిలి ఏ రాజ్యం పోయి ఎవరి గుమ్మం ఎక్కాలో ఆయనకు తోచలేదు. అన్నిటికన్నా రాజుగారు అరిసెల దగ్గరకు తిరిగి పోతున్నారన్న బాధే గట్టిగా తగిలింది.

అప్పుడు లేచాడు బాచన. బాచన ఆ కొలువులో హాస్యగాడు, ఎండు పుల్లలా ఉంటాడు, నోటికి తప్ప ఒంటికి పని చెప్పడు. రెండు వీధుల అవతలి ఇంటినుంచి కూడా ఎద్దుబండిలోనే కొలువుకు వచ్చేవాడు. అలాంటివాడు లేచి నిలబడడమే ఒక విశేషం.

తూకం మీద తగవు వచ్చినప్పుడు శిక్ష వేసే ముందు పెద్ద త్రాసులో తూచి చూడడం ఈ రాజ్యపు ధర్మమని బాచన విన్నవించాడు. ఆ పెద్ద త్రాసు కొండ కొమ్మున ఉందట. రాజుగారి ముత్తాతగారు అందులోనే తూగారని బాచన తాత చెప్పేవాడట. రాజుగారు ఆ మాటే వినలేదన్నారు. ఉంటే కిందికి దింపించమన్నారు. అది కొండను పట్టుకుని ఉందనీ, కదిపితే తూకం తప్పుతుందనీ బాచన జవాబిచ్చాడు. పల్లకీ తెమ్మన్నారు. దారిలో మోకాళ్ళ మలుపు అనే ఇరుకు చోట పల్లకీ తిరగదని మంత్రే ఒప్పుకోవలసి వచ్చింది.

"అక్కడ త్రాసు లేకపోతే?" అన్నారు రాజుగారు.

"వైద్యులవారి మూట మోసుకుంటూ నేనూ పొలిమేర దాటుతాను ప్రభూ."

మందుమొక్కల కోసం ఆ కొండను ఔబళయ్య అంగుళం అంగుళం తిరిగాడు. కొమ్మున ఒక రాతి అరుగు, దీపపు ప్రమిద తప్ప మరేమీ లేవు. కొలువు ముగిశాక బాచనను పక్కకు లాగి ఆ మాటే చెప్పాడు. బాచన వినిపించుకోకుండా ఎదురు ప్రశ్న వేశాడు.

"కొండెక్కితే రాజుగారి ప్రాణానికి ముప్పా, వైద్యులుగారూ?"

గుండె బాగానే ఉంది, రోజూ నడుస్తున్నారు, నెమ్మదిగా ఎక్కితే ముప్పు లేదన్నాడు ఔబళయ్య.

"కోపంగా ఎక్కితే?"

ఔబళయ్య మందుల సంచీ సర్దుకోవడానికి ఇంటికి బయల్దేరాడు.

మర్నాడు తెలతెలవారుతుండగా బయల్దేరారు. ముందు బాచన, వెనక రాజుగారు, ఆ వెనక మందుల సంచీతో ఔబళయ్య, ఆపైన మంత్రీ పరివారమూ. మొదటి మెట్టు మీదే బాచన వెనక్కి తిరిగి, ఏలినవారికి ఆయాసం వస్తే చెప్పమనీ, తుమ్మడానికి ఒక మనిషిని సిద్ధంగా ఉంచాననీ అన్నాడు.

అంతే, రాజుగారు అందుకున్నారు. బాచన నోటిని తిట్టారు, వాడి పాచిపోయిన హాస్యాన్ని తిట్టారు, వాడికి ఉద్యోగం ఇచ్చిన తన తెలివిని తానే తిట్టుకున్నారు. లేని త్రాసు కథలు చెప్పిన వాడి తాత దగ్గరకు వచ్చారు. ఆ తాత గురించి దంచుతూ ఉండగానే మొదటి మండపం వచ్చింది, వెళ్ళిపోయింది. రాజుగారు దానివంక కన్నెత్తి చూడలేదు.

ఔబళయ్య మాత్రం చూశాడు. నిరుడు రాజుగారు నోరు తెరుచుకుని కూలబడిన రాయి అక్కడే ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి ఆ రాతిని చూశాడు, పైన మెట్ల మీద తిడుతూ పోతున్న ఆ వీపును చూశాడు. అప్పటినుంచి తిట్లు వినడం మానేసి, తిట్టుకూ తిట్టుకూ మధ్య ఊపిరిని వినసాగాడు. ఎక్కడా తెగడం లేదు. నిండుగా, తాపీగా వస్తోంది. ఇన్నేళ్ళ వైద్యంలో అంత ఆశ్చర్యం ఆయన ఎరగడు.

తిట్లు కాస్త సన్నగిల్లినప్పుడల్లా బాచన ఒక మాట విసిరేవాడు, మళ్ళీ రాజుకునేది. ఎంతటివాడైనా వంగి మోకాళ్ళు పట్టుకోవాల్సిన ఆ మలుపు దగ్గర, రాజుగారి వేగం అందుకోలేక మంత్రి కూలబడ్డాడు. పరివారం ఆయనకు విసరడం మొదలుపెట్టింది. రాజుగారు జారిపోతున్న దట్టీని పైకి లాక్కుని, బట్టలు తొడిగేవాణ్ణి కూడా నాలుగు తిట్టి, చకచకా ఎక్కిపోయారు.

కొమ్ముకు చేరారు. రాతి అరుగు ఉంది, ప్రమిద ఉంది. రాజుగారు చుట్టూ చూశారు.

"త్రాసు ఏదిరా?"

బాచన జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయాడు. అరుగుకు జేరగిలబడి, నోరు తెరిచి, డొక్కలెగరేస్తున్నాడు. చెయ్యెత్తి, కాస్త ఆగమన్నట్టు సైగ చేశాడు. ఔబళయ్య కంగారుగా వెళ్ళి నాడి పట్టుకున్నాడు. నటన కాదు, నిజంగానే వాడి పని అయిపోయింది.

"ఏం, నోరు పెగలడం లేదా?" అన్నారు రాజుగారు.

బాచన గుటకలు మింగి, ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "అదే త్రాసు ప్రభూ. నాకు పెగలడం లేదు. ఏలినవారికి పెగులుతోంది. కోటలో తూస్తే నేను ఈకముక్కను. ఇక్కడ తూగింది ఏలినవారే. నిరుడు మండపం దగ్గర ఒక్క మాట రాలేదు. ఇవాళ కింది మెట్టునుంచి నా తాతను తిడుతూనే ఉన్నారు."

రాజుగారు మళ్ళీ తిట్టబోయి ఆగిపోయారు. తన రొమ్ము మీద చెయ్యి వేసి చూసుకున్నారు. తన కాళ్ళను వేరెవరివో అన్నట్టు చూసుకున్నారు. తర్వాత తాము వచ్చిన దారివైపు తిరిగారు.

అప్పుడే మంచు విడుతోంది. ఎండలో ఏరు తెల్లగా మెరుస్తోంది, దాని పక్కన వరిచేలు, చేల మధ్య ఊళ్ళు, ఊళ్ళలోంచి లేస్తున్న పొగలు. ఆకాశం నేలను ఆనిన చోటిదాకా అంతా నెమలికొండ రాజ్యమే. కోట ఎక్కడో కింద చిన్న గవ్వలా ఉంది. తండ్రిగారి భుజాల మీద ఎక్కి చిన్నప్పుడు చూసిన దృశ్యం అది. ఇంతటి రాజ్యాన్ని ఏలుతూ, అది ఎలా ఉంటుందో ఇన్నేళ్ళుగా చూడలేదు. రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన నిలబడ్డ ఔబళయ్యకు చేతులు జోడించాలనిపించింది, రాజుకో, కొండకో, తెల్లవారకముందే లేచి నడిచిన ఆ పాదాలకో ఆయనకే తెలియలేదు.

రాజుగారు కళ్ళు తుడుచుకుని ఔబళయ్యను మెల్లగా అడిగారు. "మరి ఆ తట్ట ఎందుకు కదల్లేదయ్యా?"

"ఒళ్ళు ఊరికే కూర్చోలేదు ప్రభూ. కొవ్వు కరిగిన చోట కండ పడుతోంది. దట్టీ జారుతున్నది అందుకే, కట్టినవాడి తప్పు కాదు. అది తట్టకు తెలియదు. తట్టనే చూస్తూ కూర్చున్నాను కనక నాకూ తెలియలేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే అదీ కదులుతుంది. కదలని రోజుల్లో కూడా నడవాలి, అంతే."

రాజుగారు నవ్వారు. ముందు చిన్నగా మొదలై, పొట్ట పట్టుకుని నవ్వారు. కింద మలుపు దగ్గర విసనకర్రల గాలిలో పడున్న మంత్రిని చూసి మళ్ళీ నవ్వారు. ఔబళయ్య చెయ్యి పట్టుకుని, ఊరు వదిలే మాట మరిచిపొమ్మన్నారు. కింద పరివారంలో ఒకణ్ణి కేకేసి, కోటకు పరుగెత్తించి అరిసెల పొయ్యి ఆర్పించారు.

బాచనకు బహుమానం ఇద్దామంటే కొండ మీద ఏముంటుంది? అలవాటుగా ముంజేతి కడియం మీద చెయ్యి వేశారు. ఆముదానికి లొంగని కడియం సులువుగా జారి అరచేతిలోకి వచ్చేసింది. రాజుగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, బాచన చేతిలో పెట్టారు. బాచన తొడుక్కుంటే అది మోచెయ్యి దాటి భుజం దాకా పోయింది.

"పున్నమికి దీపం నేనే పెడతాను. ఈలోగా రోజూ ఎక్కుతాను. పున్నమి తర్వాత కూడా ఎక్కుతాను" అన్నారు రాజుగారు. "బాచనా, నువ్వూ రావాలి."

బాచన ముఖం పాలిపోయింది. "నేనెందుకు ప్రభూ?"

"మరి ఎవణ్ణి తిడుతూ ఎక్కమంటావు?"



కొలువులోని త్రాసును సంతకు పంపించేశారు. తట్టలో మిగిలిన బెల్లమంతా ఊరికి పంచారు. కార్తీక పున్నమి నాడు పొద్దు వాలుతుండగా ఔబళయ్య తన తోటలో మొక్కల మధ్య నిలబడి కొండవైపు చూస్తున్నాడు. గుమ్మాల్లో ఊరంతా అలాగే చూస్తోంది. దీపం ఇంకా కనబడలేదు. అంతలో కొండ కొమ్మునుంచి గాలి మీద తేలుతూ తిట్లు వినబడ్డాయి, ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా తెగకుండా.

ఊరంతా నవ్వుకుంటూ ఒత్తులు సవరించుకుంది.