పట్టు వదిలిన ఉడుము

అనగనగా ఒక అడవిలో ఒక వాగు, ఆ వాగును ఆనుకుని ఒక బండగుట్ట. ఎండాకాలంలో ఆ వాగు ఎంత మర్యాదగా పారేదో! వానాకాలం వచ్చిందా, ఇక దాని పొగరు చూడాలి. గట్టు దాటి వచ్చి కిందున్న బొరియలన్నీ ముంచేసేది. అందుకని తొలకరికి ముందే జంతువులన్నీ గుట్ట పైకి చేరాలని చూసేవి. కానీ గుట్ట మీద నీళ్లు చేరని చోట్లు మూడంటే మూడే. ఒక గుహ, ఒక బండచూరు, ఒక పాత చెదపుట్ట.

మూడు చోట్లకు అడవంతా ఎగబడితే ఎలా? అందుకే ఏటా మూడు పందేలు పెట్టేవాళ్లు. ఈతకొకటి, ఎక్కడానికొకటి, పరుగుకొకటి. గెలిచినవాళ్లకు తలా ఒక చోటు. ఏటా గెలిచేదీ వాళ్లే! ఈతలో నీటికుక్క గంగరాజు, ఎక్కడంలో కొండముచ్చు కోటప్ప, పరుగులో జింక చుక్కమ్మ. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి వానలో తడిసేవాళ్లు.

అడవికి పెద్ద ఎలుగుబంటి తాత. ఆ ఏడు ఆయనకు విసుగొచ్చింది. అందరినీ పిలిచి గొంతు సవరించుకున్నాడు.

"ఈసారి మూడు పందేల్లేవు, ఒక్కటే. వాగు ఈదాలి, ఒడ్డెక్కగానే బండ ఎక్కాలి, పైకి రాగానే మద్దిచెట్టు దాకా పరిగెత్తాలి. ముందొచ్చిన ముగ్గురికి వరసగా కోరుకున్న చోట్లు. పరుగు నేల మీదే సుమా! కోటప్పా, నీకే చెబుతున్నా. కొమ్మల మీద దూకావో, వెనక్కి పంపిస్తా."

అలాంటి పందెం ఆ అడవిలో ఎవరూ ఎరగరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది.

"తాతా, నేనూ వస్తాను."

ఎవరనుకున్నారు? ఉడుము మంగతాయి. ఎప్పుడూ ఏ పందెంలోనూ దిగని మంగతాయి!

గంగరాజు పడీపడీ నవ్వాడు. "నీకెందుకమ్మా ఈ యాతన? కడుపు నేలకు రాసుకుంటోంది, నడవడమే కష్టంగా ఉంది నీకు."

నవ్వకండి పిల్లలూ. మంగతాయి కడుపులో గుడ్లున్నాయి. పోయినేడు ఆమె వాగు గట్టున ఇసుకలో గుడ్లు పెట్టింది. వాగు వచ్చింది, గుడ్లన్నీ పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఈ ఏడు ఆమెకు గుట్ట మీద చెదపుట్ట కావాలి. అంతే. ఇంకేం అక్కర్లేదు.

"నాకు పేరొద్దు గంగరాజన్నా, పుట్ట కావాలి. నీకు చోటెందుకు? నీళ్లలోనే ఉంటావు కదా?" అంది మంగతాయి.

"చోటు కాదమ్మా, పేరు కావాలి! గంగరాజు ఓడిపోయాడని ఎవడైనా అంటే నేను తట్టుకోగలనా?" అన్నాడు గంగరాజు మీసం దువ్వుకుంటూ.

మంగతాయికి ఈత వచ్చు, ఎక్కడం వచ్చు, పరుగూ వచ్చు. ఏదీ గొప్పగా రాదు. కానీ ఉడుముకు పట్టు ఉంది కదా! గోళ్లు దించిందంటే బండైనా వదలదు. మంగతాయి ధైర్యమంతా అదే. "మా ముత్తవ్వ నడుముకు తాడు కట్టి మనుషులు కోటగోడ ఎక్కారట" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేది.

తాబేలు పెద్దమ్మ ఆమెకు రోజూ సాయం వచ్చేది. ఒకరోజు మంగతాయి బండ మీద సాధన చేస్తుంటే పైనుంచి ఒక రాయి జారింది. మంగతాయి గబుక్కున నాలుగు కాళ్లూ బిగించి అతుక్కుపోయింది. రాయి పోయింది. మంగతాయి మాత్రం కదల్లేదు. పొద్దు వాలేదాకా అలాగే ఉంది.

"పట్టు బాగుందే తల్లీ," అంది పెద్దమ్మ. "వదలడం ఎప్పుడు నేర్చుకుంటావు?"

మంగతాయికి రోషం వచ్చింది. "ఉడుముకు వదలడం నేర్పుతావా పెద్దమ్మా? రేపు చేపకు నడక నేర్పుతావేమో!"

"సరే, నీ ఇష్టం. చెవిలో వేశాను," అంది పెద్దమ్మ. అలిగినట్టు తల లోపలికి లాక్కుంది.

పందెం రోజు రానే వచ్చింది. ఆకాశంలో నల్లమబ్బు కమ్ముకుంటోంది. గుట్ట మీద నుంచి ఎలుగుబంటి తాత "ఊఁ!" అనగానే పందేనికి దిగిన నలుగురూ వాగులో దూకారు.

గంగరాజు బాణంలా పోయాడు. ఊరికే పోయాడా? నడివాగులో బోర్లాపడి, వెల్లకిలా పడి, గుండ్రంగా తిరిగి, గట్టు మీదవాళ్లకు చెయ్యూపి మరీ పోయాడు. అవతలి గట్టున బండ కింద కూర్చున్న పెద్దమ్మ మూతి విరిచింది. "ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరకుండా దంచినా అంతే కూలి."

పాపం మంగతాయి! నడుమ నీళ్లు వడిగా ఉన్నాయి. భయం వేసింది. కొట్టుకొస్తున్న ఒక కొయ్యదుంగ కనబడగానే పట్టేసుకుంది. అమ్మయ్య అనుకుంది. కానీ దుంగ ఆగుతుందా? ఆమెతో సహా కిందికి పోతోంది! జింకా కొండముచ్చూ అవతలి గట్టు ఎక్కుతున్నాయి. మంగతాయి మాత్రం దుంగతో పాటే పోతోంది. చివరికి దుంగ ఒక బండరాయికి గుద్దుకుంటే, ఆ అదురుకు పట్టు ఊడింది. బతుకుజీవుడా అని ఈదుకుంటూ గట్టెక్కి, వెనక్కి నడిచి, బండ దగ్గరికొచ్చింది.

చూస్తే గంగరాజు ఇంకా అక్కడే ఉన్నాడు. "ఈతలో నేనే మొదట వచ్చానని గట్టిగా చెప్పించండి. అప్పుడే కదులుతా!" అని గట్టు మీదవాళ్లతో తగువులాడుతున్నాడు. మంగతాయి బండ ఎక్కడం మొదలుపెట్టగానే ఉలిక్కిపడి, "అరెరే!" అంటూ పక్కనున్న చీలికలోంచి ఎక్కసాగాడు.

కోటప్ప అప్పటికే పైకి చేరాడు. చుక్కమ్మ బండకు భయపడి, గుట్ట చుట్టూ తిరిగి మెట్టదారిన పోయింది. మంగతాయి గోరు వెనక గోరు దించుతూ సగం బండ ఎక్కేసింది. అప్పుడు ఫెళ్లుమని ఉరిమింది. గాలి విసిరికొట్టింది.

ఇంకేముంది? మంగతాయి నాలుగు కాళ్లూ బిగుసుకున్నాయి. బండకు అతుక్కుపోయింది. కాలు తియ్యాలనుకుంటుంది, కాలు రాదు. కిందికి చూస్తే వాగు. కడుపులో గుడ్లు బరువుగా కదిలాయి. మంగతాయికి ఏడుపొచ్చింది. "వదిలితే పడిపోతాను, వదలకపోతే పుట్ట పోతుంది. దేవుడా, నా గుడ్లు!"

కింద నుంచి పెద్దమ్మ అరిచింది. "ఓసి పిచ్చిదానా! నాలుగు కాళ్లూ ఒకేసారి వదలమన్నానా? ఒక్కటి వదులు! మిగతా మూడూ పట్టుకునే ఉంటాయి కదే!"

మంగతాయి కళ్లు మూసుకుంది. కుడి ముందుకాలు వదిలింది. పడలేదు! ఆ కాలు పైన దించింది. ఎడమ వెనకకాలు వదిలింది. పడలేదు! ఒక కాలు వదలడం, మూడు కాళ్లు పట్టడం. వదలడం, పట్టడం. అలా అలా పైకొచ్చేసింది.

ఇక మిగిలింది పరుగు. పైన కోటప్ప నేల సంగతి మరిచిపోయి చెట్టెక్కేశాడు. తాత గద్దిస్తే మళ్లీ మొదటికొచ్చి పరుగు అందుకున్నాడు. ఈలోపు మెట్టదారిన వచ్చిన చుక్కమ్మ రివ్వున పోయి మద్దిచెట్టును తాకింది. తర్వాత కోటప్ప. మిగిలింది ఒక్క చోటు.

మంగతాయి పైకొచ్చేసరికి గంగరాజు ఆమె కంటే ఒక్క అడుగు ముందున్నాడు. రొప్పుతున్నాడు. అతని తోక సరిగ్గా మంగతాయి నోటి ముందు ఆడుతోంది. పట్టుకుంటే చాలు! ఉడుము కరిచి పట్టిందంటే ఎవరు విడిపించుకుంటారు? మంగతాయి నోరు తెరిచింది.

అప్పుడు దుంగ గుర్తొచ్చింది. పట్టుకుంటే గంగరాజు ఆగుతాడు, నిజమే. తనూ అక్కడే ఆగిపోతుంది. ఇద్దరూ ఇక్కడే ఉంటారు, వాన వచ్చేస్తుంది. మంగతాయి నోరు మూసుకుంది. పక్కకు జరిగి, తన దారిన తను పరిగెత్తింది.

"ఈతలో నేనే..." అన్నాడు గంగరాజు, ఆయాసంతో. "ఈతలో నేనే మొదట..." ఆ మాటతోనే ఊపిరి అయిపోయింది. వాగులో చేసిన గంతులన్నీ ఇప్పుడు కాళ్లలో తెలిశాయి. బాట పక్కన కూలబడ్డాడు. మంగతాయి వేగంగా ఏం పోలేదు. ఆగకుండా పోయింది. పోయి మద్దిచెట్టును తాకింది.

చుక్కమ్మ బండచూరు తీసుకుంది, కోటప్ప గుహ తీసుకున్నాడు. చెదపుట్ట మిగిలింది. మంగతాయి అందులో దూరిందో లేదో, వాన మొదలైంది.

ఆ ఏడు వాగు గుట్ట నడుము దాకా వచ్చింది. పుట్టను ముట్టలేదు. చలికాలం పోయాక పుట్టలోంచి బుల్లి బుల్లి ఉడుములు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. వచ్చీ రాగానే అమ్మ వీపు మీదికెక్కి గోళ్లు దించి కూర్చున్నాయి. ఎంత విదిలించినా దిగవు! మంగతాయి వాటినలాగే మోసుకుంటూ పెద్దమ్మ దగ్గరికొచ్చింది.

"చూశావా పెద్దమ్మా, పట్టడం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది," అంది.

"మరి రెండోది?" అంది పెద్దమ్మ.

"దానికే కదా నీ దగ్గరికి తీసుకొచ్చింది!" అంది మంగతాయి.

నీతి: గట్టిగా పట్టుకోవడం బలమే, కానీ వదలాల్సిన చోట వదిలినవాళ్లే ముందుకు పోతారు.