ఓబులమ్మ తాటాకులు

ఎర్రబండల కోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్లు, కోతులు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. అన్నిటికీ తాగడానికి ఒకటే మడుగు. ఆ మడుగు పక్కన, బండ కింద ఓబులమ్మ అనే ఉడుము ఉండేది.

ఓబులమ్మకు ఒక అలవాటు ఉంది. రోజూ సాయంత్రం ఒక తాటాకు ముక్క తీసుకుని, ఏదుపంది రాల్చిన ముల్లుతో ఆ రోజు సంగతులు గీసేది. ఆకుపసరులో మసి కలిపి పైన రుద్దితే అక్షరాలు నల్లగా తేలేవి. పెద్ద సంగతులేమీ కావు.

"ఈరోజు రేలచెట్టు పూసింది. ఎండుపుల్ల అనుకుని పసిరిక పామును తొక్కాను. తప్పయిందని చెప్పాను. అయినా మూతి ముడుచుకుంది."

"కోతులు తమ పెద్దను ఎన్నుకోవడానికి సభ పెట్టాయి. ఓపిక ఉన్నంతసేపు అరిచి, పళ్లు తిని వెళ్లిపోయాయి. మధ్యాహ్నం మా అమ్మమ్మ రాసిన పాత కట్ట చదివాను. ఆవిడ కాలంలోనూ ఇంతేనట."

ఇలాంటివి ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. ఒక్క కుందేలు మాత్రం రోజూ వచ్చి వినేది. అదీ సగంలో నిద్రపోయేది.

"వింటూనే ఉన్నాను అత్తా," అనేది కళ్లు తెరవకుండానే.

అడవికి కావలసినవాడు నీలప్ప అనే పాలపిట్ట. పాలపిట్ట కనిపిస్తే శుభం అంటారు కదా, ఆ మాట ఎలాగో నీలప్ప చెవిన పడింది. పడిన నాటి నుంచి వాడి కాలు నేల మీద నిలవలేదు. రోజూ తెల్లవారగానే మద్దిచెట్టు కొసన కూర్చుని వార్తలు చెప్పేవాడు.

"అంతా శుభమే! అందరూ హాయిగా ఉండండి!"

అడవి తలూపేది. పొద్దున్నే మంచి మాట వింటే ఎవరికి చేదు?

ఆ ఏడు వేసవి ముందే వచ్చింది. ఓబులమ్మ మడుగులో తోక పెట్టి కొలిచి, "నీళ్లు నిన్నటికన్నా బెత్తెడు తగ్గాయి," అని రాసింది. మర్నాడు ఇంకో బెత్తెడు. ఆరో రోజున ఆ ఆకులన్నీ తీసుకెళ్లి దుప్పుల పెద్దకు చదివి వినిపించింది.

"ఇలాగే తగ్గితే నెల తిరిగేసరికి బురదే మిగులుతుంది. ఇప్పుడే వేరే నీళ్లు వెతకాలి."

నీలప్ప గబగబా చెట్టు దిగి వచ్చాడు. "ఏమ్మా ఓబులమ్మా, పిల్లలున్న అడవిలో ఈ అపశకునపు రాతలేమిటి? మడుగు నిండుగా ఉందని రాయి. నీ ఆకులను నేనే రోజూ చెట్టు మీది నుంచి చదువుతాను. అడవంతా నీ పేరే చెప్పుకుంటుంది."

నిజం చెప్పాలంటే ఓబులమ్మకు ఆశ పుట్టింది. వినేది ఒక్క కుందేలు, అదీ నిద్రపోయే కుందేలు. ఎంతకాలమని? ఆమె చేతిలోని ముల్లు వంక కాసేపు చూసుకుంది.

"చూసిందే రాస్తాను నీలప్పా. చూడనిది రాయను," అంది.

నీలప్పకు ఒళ్లు మండింది. కోతుల చెవిలో ఏం ఊదాడో గానీ, మర్నాడు ఓబులమ్మ మేతకు వెళ్లి వచ్చేసరికి కట్టలన్నీ చిందరవందరగా పడి ఉన్నాయి. కొన్ని ఆకులను కోతులు చింపేశాయి, మిగతావి గాలికి పోయాయి. అమ్మమ్మ కట్ట కూడా మిగల్లేదు. ఓబులమ్మ బండ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, కొత్త తాటాకులు తెచ్చుకుంది.

"నా ఆకులన్నీ మళ్లీ రాస్తాను," అంది కుందేలుతో.

"నాలుగేళ్ల రాత అత్తా!"

"గుర్తున్నంత రాస్తాను."

ఉడుంపట్టు అని ఊరికే అనరు. ఆ రోజు నుంచి ఉదయం పాత రోజులు రాసేది, సాయంత్రం కొత్త రోజు రాసేది. ఒక్క పూట కూడా మానలేదు.

నీలప్ప మాత్రం "రేపే వాన!" అన్నాడు. మర్నాడు వాన రాలేదు. "రేపే!" అన్నాడు మళ్లీ. అందరూ మడుగు వంక చూడడం మానేసి ఆకాశం వంక చూశారు. నెల తిరిగేసరికి మడుగు అడుగున నెర్రెలు పడ్డాయి. దుప్పిపిల్లలు దాహంతో లేచి నిలబడలేకపోయాయి.

దుప్పుల పెద్ద తల వంచుకుని వచ్చింది, వెనకే మిగతా జంతువులూ వచ్చాయి. "ఓబులమ్మా, నీ ఆకుల్లో ఎక్కడైనా నీళ్ల జాడ ఉందా తల్లీ?"

ఓబులమ్మ కట్టంతా తిరగేసింది. ఎక్కడా లేదు. "గుర్తున్నవే రాయగలిగాను. మిగిలినవి పోయాయి," అంది.

అప్పుడు కుందేలు చెవులు నిక్కించింది. "అందులో పందుల ఆకు ఉందా అత్తా?"

"ఏ పందులు?"

"రెండేళ్ల కిందట, మండు వేసవిలో రాశావు. 'ఈరోజు అడవిపందులు పులిబండ వెనక నుంచి వచ్చాయి. ఒళ్లంతా పచ్చి బురద. పెళ్లికి ముస్తాబైనట్టు ఉన్నాయి' అని చదివావు. నేను నిద్రలోనే నవ్వాను."

అందరూ ముఖాలు చూసుకున్నారు. మండు వేసవిలో పచ్చి బురద ఎక్కడిది?

"నేను బయల్దేరుతున్నాను," అంది ఓబులమ్మ.

"అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు! రేపే వాన, ఎవరూ కదలకండి!" అని అరిచాడు నీలప్ప.

"అయితే నువ్వు వాన కోసం ఉండు. మేం వెళ్లొస్తాం."

పిల్లలను వీపుల మీద ఎక్కించుకుని అడవంతా ఆమె వెనక నడిచింది. పులిబండ వెనక నిజంగానే రాళ్లు తప్ప ఏమీ కనబడలేదు. కోతులు గొణిగాయి. ఓబులమ్మ వాటిని పట్టించుకోలేదు. రెండు బండల నడుమ ఒక లోతైన పగులు కనిపిస్తే, రాయిని కరుచుకుని అందులోకి దిగింది. అడుగున మట్టి చల్లగా తగిలింది. తవ్వింది. గోళ్లు విరిగాయి. అయినా తవ్వింది. వేళ్లకు తడి అంటగానే కేక వేసింది. కోతులూ దిగి రాళ్లు లాగాయి. పొద్దు వాలేలోగా చేరెడు నీళ్లు ఊరాయి, ఆపైన గుంట నిండింది. మొదట దుప్పిపిల్లలు తాగాయి.

నీలప్ప పౌరుషానికి పోయి మూడు రోజులు చెట్టు దిగలేదు. నాలుగో రోజు గొంతు ఎండిపోయి, రెక్కలు ఈడ్చుకుంటూ వచ్చాడు. అందరూ జరిగి చోటిచ్చారు. కుందేలు మాత్రం ఊరుకోలేక, "అంతా శుభమేనా?" అని అడిగింది. నీలప్ప తల ఎత్తకుండా నీళ్లు తాగాడు.

కొన్నాళ్లకు మబ్బు పట్టింది. నీలప్ప మద్దిచెట్టు మీది నుంచి "వాన!" అని గొంతు చించుకున్నాడు. ముక్కు మీద చినుకు పడేదాకా ఒక్కరూ తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం అందరూ ఓబులమ్మ బండ చుట్టూ చేరారు. ఆకులు చింపిన కోతులే కొత్త తాటాకులు మోసుకొచ్చాయి. ఓబులమ్మ ఆనాటి ఆకు చదివింది.

"ఈరోజు వాన పడింది. మడుగు బెత్తెడు పెరిగింది. కుందేలు చివరిదాకా మేలుకుని విన్నది."

అందరూ కుందేలు వైపు తిరిగారు. అది హాయిగా గురక పెడుతోంది.

ఓబులమ్మ నాలుక కరుచుకుంది. ముల్లు తీసుకుని ఆ చివరి మాట కొట్టేసి, "కుందేలు నిద్రపోయింది," అని రాసింది.

నీతి: అందరికీ నచ్చేది అరిచే గొంతు కన్నా, చూసింది చూసినట్టు పట్టు వదలకుండా రాసే చేయి పదిమందికి మేలు చేస్తుంది.