జోడులో దాగిన కత్తి

వేటకెళ్లిన రాజుగారి గుర్రం పామును చూసి బెదిరింది. జీనుకు వేలాడే రికాబులో కాలు ఇరుక్కుని కిందపడ్డ రాజుగారిని రాళ్లమీద ఈడ్చుకుపోసాగింది. గొర్రెల కాపరి కదిరయ్య ఉరికొచ్చి, తన తోలుజోడులోంచి బెత్తెడు కత్తి లాగి రికాబు పట్టీ కోసేశాడు. ఆ పెనుగులాటలో కత్తి మొన విరిగింది.

"నా ప్రాణం నిలబెట్టావు. ఆయుధశాలలో నచ్చిన కత్తి తీసుకో," అన్నాడు రాజు మర్నాడు.

కదిరయ్య నిలువెత్తు ఖడ్గాలన్నీ దాటుకెళ్లి, మళ్లీ బెత్తెడు కత్తే పట్టుకొచ్చాడు.

"రాజుగారి బహుమానాన్నే చిన్నబుచ్చుతావట్రా?" అని సేనాపతి గుడ్లురిమాడు.

"తప్పయితే మన్నించండి దొరా. నిన్న వేటలో మీ ఖడ్గం ఎక్కడుంది?"

సేనాపతి బరువని దాన్ని గుడారంలోనే వదిలేశాడు మరి!

రాజు నవ్వి, కదిరయ్యను అతని మొన విరిగిన పాత కత్తి అడిగి, రెండు చేతులా అందుకుని, తన జోడులో దోపుకున్నాడు.