మంద లేని కుక్క

నిరంజనయ్య గారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే, అది విననట్టే చేతిలోని పని చూసుకునేవారు. ఆ ఉదయం కేశవులు అడిగినప్పుడూ అంతే. తలెత్తకుండా, గొర్రెల కాపరి ఓబన్న విరిగిన కాలికి కట్టు బిగిస్తూ ఉండిపోయారు.

కేశవులు అడిగింది చిన్న విషయమేమీ కాదు. బట్టల కొట్టు తమ్ముడికి అప్పగించి, ఇక తిరిగిరానని అందరికీ చెప్పి మరీ కొండ మీది ఆయన ఆశ్రమానికి వచ్చినవాడు. ఏళ్లు గడిచినా, కళ్లు మూసుకుంటే చాలు, మనసు ఊరంతా తిరిగొస్తోంది. "అయ్యా, ఈ మనసును కట్టెయ్యడం నా వల్ల కావడం లేదు. ఉండమంటారా, వెళ్లిపొమ్మంటారా?" అన్నాడు. ఆ మాట అనడానికే అతనికి ఏడుపొచ్చింది.

దానికి తోడు ఓబన్న కుక్క ఒకటి. ఓబన్న ఆశ్రమం వసారాలో పడి ఉంటే భార్య లచ్చుమక్క మందను మేపుతోంది. కుక్క మాత్రం యజమానిని వదిలి పోలేదు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, బూడిద రంగు ఒంటి మీద నల్ల చారలు, తేనెరంగు కళ్లు. అది కుదురుగా కూర్చోగా చూసినవాడు లేడు. ధ్యానానికి విడివిడిగా కూర్చున్న శిష్యులను మూతితో పొడిచి పొడిచి ఒకచోటికి చేర్చేది. మధ్యలో లేచినవాడి మడమ పట్టుకునేది. అందరికంటే ఎక్కువగా లేచేది కేశవులే కాబట్టి దానికి అతని మడమే ఎక్కువగా దొరికేది.

ఒళ్లు మండి అతను దాన్ని వేపచెట్టుకు కట్టేశాడు.

"కట్టెయ్యొద్దు సామీ," అన్నాడు ఓబన్న. "మా తాతలు గొర్రెల్ని తోలుకొని ఏరు దాటి వచ్చినప్పుడు ఈ జాతి కూడా వాళ్లెంబడే వచ్చినాది. మంద లేని ఇంటికి దీని కూనను ఇయ్యం, అది మా కట్టుబాటు. పని లేకపోతే తన ఒళ్లు తానే కొరుక్కుంటాది."

"కడితే అదే అణుగుతుందిలే," అన్నాడు కేశవులు.

అణగలేదు. కూడు ముట్టలేదు. తాడు పొడవునా చెట్టు చుట్టూ తిరిగి తిరిగి నేలను గాడి చేసింది. ముందుకాలు కొరుక్కుని పుండు చేసుకుంది. దాన్ని చూస్తుంటే కేశవులుకు తిండి సహించలేదు. జాలేసింది, కానీ విప్పడానికి పంతం అడ్డొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కొండ కింది నుంచి లచ్చుమక్క కేకలు వినిపించాయి. మంద చెదిరి వేరుశెనగ చేనివైపు మళ్లింది. పొద్దున్నే పురుగుమందు కొట్టిన చేను అది. నోరు పెట్టిన గొర్రె బతకదు. ఓబన్న లేవబోయి కూలబడ్డాడు.

"విప్పు సామీ. నా బతుకంతా ఆడుంది."

ముడి రాలేదు. కుక్క లాగేకొద్దీ బిగుసుకుంటోంది. కేశవులు పరుగున కొడవలి తెచ్చి తాడు తెగ్గోశాడు.

కుక్క గొర్రెల మీదికి ఉరకలేదు. దూరంగా చుట్టి వెళ్లి చేను గట్టు మీద వాటికి ఎదురు నిలిచింది. ఒకటి పక్కకు తప్పుకోబోతే తానూ అటే జరిగింది. మొరగనైనా లేదు. ముందున్న పొట్టేలు ఆగింది, వెనక్కి తిరిగింది. కాసేపటికి మందంతా వాగు ఇసుకలో చేరి, మోకాళ్లు మడిచి నెమరు వేసుకోసాగింది. కుక్క ఇంకా చుట్టూ తిరుగుతూనే ఉంది.

కొండ అంచు నుంచి చూస్తున్న కేశవులు పక్కన నిరంజనయ్య గారు వచ్చి నిలబడ్డారు.

"ఇప్పటికీ అది కూర్చోలేదయ్యా," అన్నాడు కేశవులు.

"అది కూర్చోలేదు. గొర్రెలు కూర్చున్నాయి."

కేశవులు చేతిలోని కొడవలిని కింద పెట్టాడు. మెల్లగా అడిగాడు. "అయితే నన్ను వెళ్లమంటారా, అయ్యా?"

"తాడు తెగినప్పుడు ఎటు పోవాలని అది నిన్నేమైనా అడిగిందా?" అన్నారాయన.