గౌరమ్మ నెమరేసిన కాగితం

ఏటి ఒడ్డు అడవిలో వారానికోరోజు ఇప్పచెట్టు కింద కోర్టు జరిగేది. జడ్జి ఎలుగుబంటి. ప్లీడర్లు ఇద్దరే. ఒకరు కాకి నీలవేణమ్మ. ఆమెకి నల్లకోటు దేవుడే కుట్టి పంపాడు. రెండోవాడు నక్క శేషావతారం.

నీలవేణమ్మ వాదిస్తే కొమ్మలు ఊగేవి. గూట్లో మాత్రం టేకాకుల మీద రాసిన దస్తావేజులు గుట్టలు పడి, ఏ కేసు కాగితం ఎక్కడుందో ఆమెకే తెలిసేది కాదు. కిందటి వారం వాయిదా రోజే మరిచిపోయింది. ఉడుత కేసు ఊరికే పోయింది.

అలాంటప్పుడు చెవులపిల్లి, అదే కుందేలు, ఏడుస్తూ వచ్చింది. భర్త పోయి నెల తిరగలేదు.

“అమ్మగారూ, మా బొరియ ఉన్న మిట్టని మా ఆయన బతికుండగా తనకి రాసిచ్చాడని తోడేలు దావా వేశాడు. ఎల్లుండే వాయిదా. మిట్ట పోతే నలుగురు పిల్లల్తో ఎక్కడ తలదాచుకోను? బయటికొస్తే వాడి నోట్లోకే!”

“ఏడవకమ్మా. ఆ పైవాడున్నాడు” అంది కాకి. అని తన గూటి వంక చూసుకుని సిగ్గుపడింది. పైవాడున్నా, కాగితాలు సర్దడానికి కింద ఒకరుండాలి కదా. ఆ సాయంత్రమే ‘గుమాస్తా కావలెను’ అని బోర్డు కట్టింది.

తెల్లారి ముందు మేక వచ్చింది.

“యోగ్యతా పత్రం ఏదమ్మా?”

“దారిలో ఆకలేసిందండీ” అంది మేక, మూతి తుడుచుకుంటూ.

తర్వాత చిలుక. తోడేలు దస్తావేజు నకలు చేతికిస్తే, రెప్పపాటులో చదివి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. కాకి ఆశ్చర్యపోయి, “మరి ఇందులో తప్పేముంది, చెప్పు?” అంది.

“ఇందులో తప్పేముంది, చెప్పు?” అంది చిలుక.

ఆఖర్న మడుగులోంచి లేచి, బురద ఓడుతూ బర్రె గౌరమ్మ వచ్చింది. నకలు తీసుకుని చెట్టుకింద చతికిలబడి చదివింది. మళ్లీ చదివింది. సూర్యుడు నెత్తికెక్కాడు, దిగాడు. ఆవిడ దవడ ఆడుతూనే ఉంది.

అటుగా పోతున్న నక్క ఆగి నవ్వింది. “ఏం నీలవేణమ్మా, ఒక్క ముక్కుతో అయ్యే పనికి ఇంత శాల్తీ కావాల్సొచ్చిందా? నన్ను చూడు. నేనే రాస్తా, నేనే చదువుతా, నేనే మెచ్చుకుంటా!”

కాకికి కోపమొచ్చింది గానీ ముక్కుతో ఆకులు సర్దుకుంటూ కూర్చుంది. చెవులపిల్లి మాత్రం ఉండబట్టలేకపోయింది. “అక్కా, రేపే వాయిదా. ఇంకా చదువుతున్నావా?”

“ఒక్కసారి తింటే కడుపు నిండుతుంది చెల్లీ. రెండోసారి నమిల్తేనే అందులో రాయి ఉందో లేదో పంటికి తెలుస్తుంది” అంది గౌరమ్మ.

పొద్దుగూకేవేళకి ఆమె లేచి, కాకి చెవిలో ఒక్క మాట చెప్పింది. కాకి రెక్కలు టపటపలాడించి, “నువ్వు నా గుమాస్తావి గౌరమ్మా! ఇవాళ్టినించే!” అంది.

మర్నాడు ఇప్పచెట్టు కింద అడవంతా చేరింది. నక్క దస్తావేజు పైకెత్తి గొంతు సవరించుకుంది.

“ధర్మప్రభువులు చిత్తగించాలి. మొన్నటి రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, ఈ మిట్టమీదే, చెవులపిల్లి మొగుడు రాసిచ్చిన దస్తావేజు. దగ్గరుండి చూసిన సాక్షి బోదురుకప్పగారు. ఇక నీలవేణమ్మ చెప్పబోయేవన్నీ కాకమ్మ కథలే!”

అందరూ గొల్లుమన్నారు. చెవులపిల్లి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. మా మేనత్త ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడికొచ్చేసరికి వత్తులు చేయడం ఆపి, మా మొహాలు చూసేది.

కాకి నిదానంగా కప్ప ముందు వాలి, వినయంగా తల వంచింది.

“స్వామీ, తమరి వంశం తపస్సుకి పెట్టింది పేరని విన్నాను. నిజమేనా?”

కప్ప పొంగిపోయింది. “నిజమా అని మెల్లిగా అడుగుతావేమమ్మా! ఎండలు ముదిరాయంటే మట్టిలోకి దిగిపోతాం. అన్నం లేదు, నీళ్లు లేవు. మృగశిర చినుకు నెత్తిన పడేదాకా కన్ను తెరవం!”

“ఈ ఏడు కూడానా?”

“ఏ ఏడూ తప్పలేదు! కావాలంటే మడుగులో ఎవర్నైనా అడుగు.”

“అడిగాను స్వామీ. రోహిణిలో మడుగు ఎండి నెర్రెలిచ్చిందనీ, కప్పలన్నీ అడుగున మట్టిలో ఉన్నాయనీ మా గుమాస్తా గౌరమ్మ చెప్పింది. మరి రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం మిట్టమీద కూర్చుని, ఈ కాగితమ్మీద సాక్షిగా ముద్ర వేసిందెవరు?”

కప్ప తోడేలు వంక చూసింది. తోడేలు నక్క వంక చూశాడు. నక్క తన తోక వంక చూసుకుంది.

ఎలుగుబంటి బల్ల గుద్దింది. “దొంగ దస్తావేజు! మిట్ట చెవులపిల్లిదే. తోడేలు ఏరు దాటి ఇవతల కనిపించాడో, నేనే లేచొస్తా. శేషావతారం, నువ్వు ఏడాదిపాటు ఈ చెట్టు నీడ తొక్కకు!”

పిల్లలు నలుగురూ గౌరమ్మ వీపెక్కి గంతులేశారు. చెవులపిల్లి కళ్లు తుడుచుకుని, మిట్టమీద మొలిచిన మొదటి పచ్చగడ్డి తెచ్చి ఆమె ముందు నైవేద్యంలా పెట్టింది. అడవంతా మడుగుదాకా ఊరేగింపుగా వెళ్లింది. ముందు గౌరమ్మ, ఆమె కొమ్ముమీద నీలవేణమ్మ.

ఏడాది గడిచాక నక్క కూడా గుహ ముందు ‘గుమాస్తా కావలెను’ అని ఆకుబోర్డు కట్టింది. మేక ఒక్కటే వచ్చింది. వచ్చి, బోర్డు తినేసి పోయింది.

కోర్టులో అందరికీ వినబడేది వాదించే గొంతే; కేసు గెలిపించేది మాత్రం వెనక కూర్చుని కాగితం రెండోసారి చదివిన ఓపిక.