నూనె చేతులు

నూనె గోరువెచ్చనయ్యేదాకా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకపోవడం మాణిక్యమ్మగారి అలవాటు. ఆవిడ దగ్గర మర్దన నేర్చుకుంటున్న శేషారత్నానికి ఆ సంగతి తెలుసు. అయినా ఆగలేకపోయింది. ఏభై దాటాక పట్టిన విద్య. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత బరువు వెయ్యాలి, దేని తర్వాత ఏది, అన్నీ నోటుపుస్తకంలో రాసుకునేది. ఈమధ్య రాసుకున్నదీ గుర్తుండటం లేదు.

"అమ్మా, మనం మరిచిపోయినదంతా ఎక్కడికి పోతుంది?" అని అడిగింది.

మాణిక్యమ్మగారు కుంపటి మీది గిన్నెలో వేలు ముంచి చూశారు. "ఇంకా వెచ్చబడలేదు," అన్నారు.

అంతలో నేతపని చేసే చినవీరయ్య కుడిభుజం పట్టుకుని వచ్చాడు. ముప్పైయేళ్లు మగ్గం తాడు లాగిన భుజం, రాయిలా బిగుసుకుపోయింది.

"మా ఆవిడ ఉన్నన్నాళ్లూ రోజూ రుద్దేదమ్మా. పోయి మూడేళ్లు. మొహం గుర్తుంది. గొంతే, ఎంత చెవి ఒగ్గినా వినపడదు," అంటూ చాప మీద బోర్లా పడుకున్నాడు.

మాణిక్యమ్మగారు గిన్నె దించి శిష్యురాలి ముందు పెట్టారు. "వెచ్చబడింది. నువ్వే రుద్దు."

మెడ దగ్గర మొదలుపెట్టి భుజం దాకా వచ్చేసరికి శేషారత్నం చేతులు ఆగిపోయాయి. తర్వాతిదేమిటో ఎంతకీ తోచలేదు. పుస్తకం గూట్లో ఉంది. గురువుగారి వైపు చూస్తే, ఆవిడ తలెత్తకుండా బొగ్గులు ఎగదోసుకుంటున్నారు. సిగ్గుతో కళ్లు మూసుకుంది. అప్పుడు బొటనవేలు తనంతట తానే రెక్క ఎముక కిందికి జారి, ముడిపడ్డ కండ మీద నిలిచి, నెమ్మదిగా తిరిగింది.

వీరయ్య మూలిగాడు. "చాల్లేవే, నీ చెయ్యి నొప్పెడుతుంది," అన్నాడు మగతగా. మరుక్షణం ఉలిక్కిపడి నవ్వాడు.

"'నోర్మూసుకుని పడుకో, మగ్గంలా ఊగుతావేం' అనేదమ్మా. ఇప్పుడే అంది. ఇదిగో, ఈ చెవిలో." చెంప కింద చాప తడిసింది. "ఇంకాసేపు రుద్దు తల్లీ. మళ్లీ అంటుందేమో."

వేలికి దొరికిన ఈ పట్టు కూడా జారిపోకముందే రాసుకోవాలని శేషారత్నం గూటివైపు లేచింది.

"నూనె చేతుల్తో పుస్తకం ముట్టకు," అన్నారు మాణిక్యమ్మగారు. "రెండో భుజం ఉంది."